హామర్ డ్రిల్ మెడలో గంట

పోయినేడు నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో ఒక ఫ్లాటుకి కప్‌బోర్డుల పని చేస్తుంటే మా బ్యాటరీ హామర్ డ్రిల్ కనపడకుండా పోయింది. రెండు బ్యాటరీలు, ఛార్జరు, పెట్టెతో కలిపి దానికి నేను పెట్టింది 23 వేల పైచిలుకు. సాయంత్రం సామాను సర్దుతుంటే మా మేస్త్రీ మామ అడిగాడు, "అబ్బయా, నీ పెద్ద మిషను యాడ?" అని. ఫ్లాటంతా వెతికాం. మెట్లు, లిఫ్టు పక్కన గది, కింద వాచ్‌మన్ గది, అన్నీ చూశాం. లేదు.

ఆ వారమే పనిలో చేరిన కుర్రాడొకడు ఉన్నాడు, ఉదయగిరి వైపు నుంచి వచ్చాడు. మిగతా అందరూ ఏళ్ళ తరబడి నాతో ఉన్నవాళ్ళు. ఆ లెక్క ఒక్కటే చూసుకుని, వాడి సంచి తెరవమన్నాను. తెరిచాడు. టిఫిన్ డబ్బా, తువ్వాలు, ఫోను ఛార్జరు. వాడు ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పనికి రాలేదు.

19 రోజులకి మిషను దొరికింది. పై అంతస్తులో పనిచేసిన ప్లంబింగ్ వాళ్ళు తమదే అనుకుని వేదాయపాళెం సైటుకి మోసుకుపోయారు. వాళ్ళదీ అదే కంపెనీ, అదే నీలం రంగు, అదే పెట్టె. వాళ్ళ సొంత మిషను వాళ్ళ ఆటోలోనే ఉంది. ఒకటికి రెండు ఎందుకున్నాయని అన్ని రోజులూ ఎవరికీ తట్టలేదు. నేను ఆ కుర్రాడికి ఫోను చేసి తప్పయిందని చెప్పాను. "పర్లేదన్నా" అన్నాడు. మళ్ళీ రాలేదు.

వస్తువు ఎక్కడుందో ఫోనులో చూపించే ఈ బ్లూటూత్ ట్యాగుల పిచ్చి నాకు పట్టింది ఆ తర్వాతే. ఏడాదిగా రకరకాలవి కొని, అడిగి తెచ్చుకుని, మిషన్లకి కట్టి చూశాను. వీడియోల్లో చెప్పేది వింటే ట్యాగు కట్టగానే దొంగతనాలు ఆగిపోతాయి. నా అనుభవం వేరు. దొంగ విషయంలో ఈ ట్యాగు పెద్దగా పనికిరాదు. మనం మరిచిపోయిన మిషన్లకీ, తారుమారైన మిషన్లకీ, మనం తొందరపడి పెంచుకునే అనుమానాలకీ మాత్రం బాగా పనికొస్తుంది. ఏది కొనాలన్నదీ ఆ తేడా తెలిస్తేనే తేలుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో మేతకి తోలే ఆవు మెడలో గంట కట్టేవాళ్ళు. గంట ఆవుని ఆపదు, తోలుకుపోయేవాడినీ ఆపదు. చుట్టుపక్కల వినే చెవి ఉంటే ఆవు ఏ దిక్కున ఉందో చెబుతుంది, అంతే. బ్లూటూత్ ట్యాగు పనీ అదే. అందులో జీపీఎస్ లేదు, సిమ్ లేదు. వాచీ రిపేరు కొట్లో దొరికే సి.ఆర్.2032 బిళ్ళ బ్యాటరీతో చిన్న సిగ్నల్ వదులుతూ ఉంటుంది. దగ్గర్లో పోతున్న ఎవరిదో ఫోను దాన్ని విని, తానున్న చోటుని తాళం వేసిన కబురులాగా కంపెనీ సర్వరుకి చేరవేస్తుంది. ఆ ఫోను ఉన్న మనిషికి ఈ సంగతే తెలియదు. మన ఫోనుకే ఆ తాళం తెరవడం వచ్చు. కాబట్టి ట్యాగు ఎంత ఖరీదైందన్నది తర్వాతి మాట. మన మిషను తిరిగే చోట ఆ గంట వినగల ఫోన్లు ఎన్ని ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

యాపిల్ ఎయిర్‌ట్యాగ్ 2021 ఏప్రిల్‌లో వచ్చింది. నేను చూసినప్పుడు ఒక్కటి మూడున్నర వేల దాకా ఉండేది, 11 గ్రాముల బరువు, నీళ్ళు పడినా తట్టుకుంటుంది, బిళ్ళ ఏడాది వస్తుంది. కొత్తరకం ఐఫోన్ ఉంటే బాణం గుర్తు చూపించి అడుగుల దూరం చెబుతూ మిషను దగ్గరకి చేయిపట్టుకుని తీసుకెళ్తుంది. అంత బాగా చూపించేది నేను వేరే చూడలేదు. దాన్ని వదిలేసి దూరం వెళ్తుంటే "మరిచిపోయారు" అని ఐఫోన్ హెచ్చరిస్తుంది కూడా. సైటు నుంచి బయల్దేరేటప్పుడు మాలాంటి వాళ్ళకి కావలసింది అదే. కానీ దాన్ని వాడాలంటే మన దగ్గర ఐఫోన్ ఉండాలి, దాని గంట వినాలన్నా ఐఫోన్ల లాంటి యాపిల్ పరికరాలే వినాలి. మా బామ్మర్దికి ఐఫోన్ ఉంది. మా పనోళ్ళలో ఒక్కడికీ లేదు.

శామ్‌సంగ్ స్మార్ట్‌ట్యాగ్ 2 మంచి వస్తువే. తగిలించుకోడానికి దానికి పెద్ద కన్నం ఉంది. ఎయిర్‌ట్యాగ్‌కి అది లేకపోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు, మూడున్నర వేలు పెట్టి కొన్న ట్యాగుకి మళ్ళీ డబ్బులు పోసి తొడుగు కొనాలి. శామ్‌సంగ్ లెక్క ప్రకారం బిళ్ళ 500 రోజులు, పొదుపు మోడ్‌లో 700 రోజులు వస్తుంది. అయితే గెలాక్సీ ఫోను వాడేవాళ్ళకే అది పనికొస్తుంది, వినేవీ గెలాక్సీ ఫోన్లే. టైల్ అనే ఇంకో కంపెనీ ట్యాగు గురించి అమెరికావాళ్ళు గొప్పగా చెబుతారు. దాని యాప్ ఉన్నవాళ్ళు మన ట్రంకు రోడ్డు మీద ఎంతమంది దొరుకుతారో మీరే ఊహించుకోండి.

మిగిలింది గూగుల్ వాళ్ళ నెట్‌వర్క్, అంటే ట్యాగుల గంట వినే ఆండ్రాయిడ్ ఫోన్ల గుంపు. 2024 ఏప్రిల్‌లో అమెరికా, కెనడాల్లో మొదలుపెట్టి తర్వాత మిగతా దేశాలకి తెచ్చారు. 2025 మే నుంచి దాని పేరు ఫైండ్ హబ్. ఆండ్రాయిడ్ 9, ఆపై ఉన్న ఫోన్లు ఇందులో పాలుపంచుకోగలవు. ఈ నెట్‌వర్క్‌తో పనిచేసే జియోట్యాగ్ గో 2024 డిసెంబరులో 1,499 రూపాయలకి వచ్చింది. జియోట్యాగ్ ఎయిర్ కూడా ఇలాంటిదే అనుకుని కొనేవాళ్ళున్నారు. అదీ జియోదే, కాకపోతే యాపిల్ నెట్‌వర్క్ కోసం చేసింది. పెట్టె మీద ఏది రాసుందో చూడకుండా కొంటే నాలాగా కొట్టుకి రెండుసార్లు తిరగాలి.

మన దగ్గర పదిమందిలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఆండ్రాయిడే కాబట్టి నేను గూగుల్ వైపే మొగ్గాను. తీరా వాడాక అందులో ఒక మెలిక కనపడింది. చాలా ఫోన్లలో ఆ నెట్‌వర్క్ 'రద్దీ ప్రాంతాల్లో మాత్రమే' అన్న సెట్టింగుతో వస్తుంది. అంటే ఒక్క ఫోను విన్నంత మాత్రాన చోటు చూపించదు, కొన్ని ఫోన్లు విని, వాటిని కలిపి చూసుకున్నాకే చూపిస్తుంది. ఒంటరి మనిషి ఎక్కడున్నాడో బయటపడకూడదని పెట్టిన జాగ్రత్త అది. సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో ఫైండ్ హబ్‌కి వెళ్ళి 'అన్ని ప్రాంతాల్లో' అని మార్చుకోవచ్చు. కానీ దారినపోయే వాళ్ళ ఫోన్లలో మనం మార్చలేం కదా. ఇంకోటి కూడా ఉంది. గూగుల్ ఖాతాలో ఇంటి అడ్రసు పెట్టుకున్నవాళ్ళ ఫోను, వాళ్ళు ఇంటి దగ్గర ఉన్నంతసేపూ ఈ కబుర్లు చేరవేయదు. ఎవరి గోప్యత వాళ్ళది, తప్పులేదు. మన మిషను ఎవరింట్లోనో ఉండిపోయిందనుకోండి, ఆ ఇంటివాళ్ళ ఫోనే మనకి నోరు విప్పకపోవచ్చు.

చెప్పుకోవడం ఎందుకని పరీక్ష పెట్టాను. బామ్మర్ది ఎయిర్‌ట్యాగ్, నా గూగుల్ ట్యాగు రెండూ ఒకే డ్రిల్ పెట్టెలో పెట్టి మామ చేతికిచ్చి మైపాడు వైపు ఒక సైటుకి పంపాను. రొయ్యల గుంటల పక్కన ఒక గెస్టు రూముకి తలుపులు బిగించే పని. మామది నొక్కుడు ఫోను కాబట్టి వినే చెవి ఆయన దగ్గర లేదు. వీఆర్సీ సెంటరు దగ్గర రెండూ నిమిషాల్లో చోటు చూపించాయి. ఇందుకూరుపేట దాకా గూగుల్‌ది అడపాదడపా పలికింది, ఎయిర్‌ట్యాగ్ నగరం దాటగానే సద్దుమణిగింది. గుంటల దగ్గరికి చేరాక రెండూ మూగబోయాయి. సాయంత్రం మామ తిరిగొచ్చేదాకా నా ఫోనులో మిషను ఇందుకూరుపేటలోనే ఉంది. మనుషులు తిరిగే చోట అద్భుతంగా, మనుషులు లేని చోట అసలేమీ లేకుండా పనిచేసే వస్తువు ఇది. దొంగ అనేవాడు రెండో రకం చోటునే ఇష్టపడతాడు.

ఇక ఇనప పెట్టె సంగతి. సైటులో రాత్రిళ్ళు సామాను పెట్టుకోడానికి మందం రేకుతో ఒక పెట్టె వెల్డింగ్ చేయించాను, రెండు తాళాలు. ట్యాగులు కొన్న కొత్తలో ఒక రాత్రి తొమ్మిదింటికి అలవాటుగా ఫోను తీసి చూస్తే "చివరగా కనిపించింది సాయంత్రం 6:40" అని ఉంది. గుండె జారింది. బండేసుకుని సైటుకి పోయాను. వాచ్‌మన్ కళ్ళు నలుపుకుంటూ "ఏంది సార్ ఈ టైములో" అన్నాడు. తాళాలు తాళాల్లానే ఉన్నాయి. 6:40కి మేం పెట్టె మూత వేశాం, రేకు సిగ్నల్‌ని లోపలే తొక్కిపెట్టింది, అంతే జరిగింది. మిషను అన్నిటికంటే భద్రంగా ఉన్న గంటల్లోనే ట్యాగు నాకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది. ఇప్పుడు 6:40 అని చూస్తే నిశ్చింతగా పడుకుంటాను.

పెద్ద కంపెనీలు మిషన్లలోనే ఈ ఏర్పాటు పెడుతున్నాయి. మిల్వాకీ వన్‌కీ, డివాల్ట్ టూల్ కనెక్ట్, హిల్టీ ఆన్‌ట్రాక్ లాంటివి. మిల్వాకీ దాంట్లో అయితే మిషను మన అందుబాటులో ఉన్నప్పుడు యాప్ నుంచే తిరగకుండా బిగించేయొచ్చు. కాగితం మీద ఇదే అసలైన రక్షణ. దొంగిలించినా పనిచేయని మిషన్ని ఎవడు కొంటాడు? అయితే వాటి గంట వినాలంటే ఆ కంపెనీ యాప్ ఉన్న ఫోనే పక్కగా పోవాలి. వందల మిషన్లు, స్టోరు కీపరు, గేటు ఉన్న పెద్ద కంపెనీకి అది బాగుంటుంది. అక్కడ వెతకాల్సింది దొంగని కాదు, ఏ మిషను ఏ బ్లాకులో ఉందో, సర్వీసు ఎప్పుడు చేయించాలో ఆ లెక్కని. ఏడుగురు పనోళ్ళు, పదకొండు మిషన్లు ఉన్న నాలాంటివాడికి అది అక్కర్లేదు. సిమ్ వేసే జీపీఎస్ పరికరాలు జనరేటర్లకీ, ఆటోలకీ సరే. రీచార్జి, ఛార్జింగు రెండూ చూసుకోవాలి. చేతి మిషనుకి అది కట్టడం అంటే ఇంకో మిషను పెంచుకోవడమే.

ఇప్పుడు అసలు కథకి వస్తాను.

ట్యాగులు కట్టిన మొదటి నెల ఎవరికీ చెప్పలేదు. హామర్ డ్రిల్ పెట్టె లోపల, స్పాంజి కింద దాచాను. చెబితే పీకేస్తారని ఒక తోటి కాంట్రాక్టరు సలహా. ఒకరోజు మా పని పిలకాయల్లో ఒకడు, మూడేళ్ళుగా నాతో ఉన్నవాడు, మర్నాడు పొద్దున్నే కొత్త సైటుకి నేరుగా పోదామని మిషను ఇంటికి తీసుకెళ్ళాడు. నేను పంపిందే. రాత్రి ఎనిమిదింటికి ఫోను. "అన్నా, నా ఫోనులో ఏందో వస్తా ఉంది. తెలియని ట్రాకర్ నీతో ప్రయాణం చేస్తా ఉందంట. మ్యాపులో మా ఇంటిదాకా గీత గీసి చూపిస్తా ఉంది." ఒక్క క్షణం ఆగి మెల్లగా అడిగాడు. "నా మీద నిఘా పెట్నావా అన్నా?"

నాకు ఉదయగిరి కుర్రాడి సంచి గుర్తొచ్చింది.

ఆ హెచ్చరిక ఎందుకొస్తుందంటే, ట్యాగులు వచ్చిన కొత్తలోనే కొందరు వాటిని ఆడవాళ్ళ సంచుల్లో, కార్లలో పడేసి వెంటాడటం మొదలుపెట్టారు. యాపిల్ మొదట మూడు రోజులు యజమానికి దూరంగా ఉన్న ట్యాగు మోగేలా పెట్టింది. 2021 జూన్‌లో దాన్ని 8 నుంచి 24 గంటల మధ్యకి తగ్గించింది. 2024 మేలో యాపిల్, గూగుల్ కలిసి ఒకే పద్ధతి తెచ్చాయి. ఇప్పుడు ఐఫోనైనా, ఆండ్రాయిడ్ 6, ఆపై ఏ ఫోనైనా, తనది కాని ట్యాగు తనతో కదులుతుంటే ఆ మనిషికి చెప్పేస్తుంది. మ్యాపు చూపిస్తుంది, ట్యాగుని మోగించమంటే మోగిస్తుంది. అది ఉండాల్సిందే. నా చెల్లెలి సంచిలో ఎవడైనా ట్యాగు వేస్తే తనకి తెలియాలా, వద్దా?

కానీ దాని అర్థం ఏమిటో చూడండి. మా పిల్లవాడికి చెప్పినట్టే దొంగకీ చెబుతుంది. వాడు ట్యాగు పీకి కాలవలో పారేస్తాడు. కాబట్టి "దాచిపెట్టి దొంగని పట్టేస్తా" అనేవాళ్ళతో నేను ఏకీభవించను. బయటి దొంగకి అది కాసేపట్లో తెలిసిపోతుంది. లోపలివాళ్ళకి దాస్తే, దొంగ కాని మనిషి రాత్రి ఎనిమిదింటికి ఫోను చేసి "నా మీద నిఘా పెట్నావా" అని అడుగుతాడు. దాచడం వల్ల నష్టపోయేది నమ్మకస్తులే. ట్యాగు మిషను కోసం, మనిషి కోసం కాదని మనసులో అనుకుంటే చాలదు, ముందే నోటితో చెప్పాలి. మర్నాడు పొద్దున టీ దగ్గర అందరికీ ట్యాగు తీసి చూపించాను. ఒకడు దాన్ని మోగించి చూసి నవ్వాడు. ఆ ట్యాగులని ఆ పిల్లవాడికీ, ఇంకొకరికీ నా ఫోను నుంచి షేర్ చేశాను. షేర్ చేసినవాళ్ళకి ఆ హెచ్చరిక రాదు, పైగా మిషను ఎక్కడుందో వాళ్ళకీ కనపడుతుంది.

దొరికాక ఏం చేస్తామన్నది ఇంకో ప్రశ్న. ట్యాగు ఏదో ఇంటిని చూపించిందనుకోండి. పోయి తలుపు కొడతారా? ఆ చుక్క పక్కింటిది కావచ్చు, బజారు అవతలిది కావచ్చు. పోలీసుల దగ్గరికే పోవాలి. అక్కడ చట్టం ఒకటి తెలుసుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో మామూలు దొంగతనం 303 (2) సెక్షన్ కింద వస్తుంది. పోయిన సొత్తు విలువ 5,000 రూపాయల లోపు అయితే అది నాన్ కాగ్నిజబుల్, అంటే మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఇంట్లోంచో, సామాను దాచే గదిలోంచో పోతే 305 సెక్షన్, దాని లెక్క వేరు. మా నాలుగంగుళాల గ్రైండర్లు, మార్బుల్ కట్టర్లు చాలావరకు 5,000 లోపువే. ఆరుబయట సైటులో గ్రైండర్ పోతే ఎవరూ ఎందుకు పరిగెత్తరో నాకు అప్పుడు అర్థమైంది. 1,500 రూపాయల ట్యాగు 2,800 రూపాయల గ్రైండర్‌కి కట్టడం ఎందుకు దండగో కూడా.

ఫోను పోతే దాని గుర్తింపుగా ఐఎంఈఐ నంబరు ఉంది, ప్రభుత్వం వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో పెట్టి దేశమంతా పనిచేయకుండా చేయొచ్చు. మిషనుకి అలాంటి చోటు లేదు. సీరియల్ నంబరు ఉంటుంది కానీ, మనం రాసుకోకపోతే అది ఎవరికీ అక్కర్లేదు. మీ మిషన్ల సీరియల్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయా? నా దగ్గర లేవు, మొన్న దసరా దాకా. ఆయుధ పూజ రోజు ఒక్కటే మా మిషన్లన్నీ ఒకచోట చేరేది. కుంకుమ బొట్లు పెట్టాక, కొబ్బరికాయ కొట్టకముందు, ఒక్కోదాని నంబరు పలకని ఫోటో తీశాను, బిల్లులు దొరికినంతవరకు పక్కన పెట్టి. అప్పుడే తెలిసింది, నాకు పన్నెండు మిషన్లున్నాయనుకున్నాను, ఉన్నవి పదకొండు. పన్నెండోది జిగ్ సా. ఎప్పుడు పోయిందో, ఎవరికిచ్చానో ఇప్పటికీ తెలియదు.

అన్నిటికంటే చవకైన ఉపాయం మా అమ్మది. స్టోన్‌హౌస్‌పేటలో పాత్రల కొట్టులో బిందె కొన్నా గిన్నె కొన్నా పేరు కొట్టించకుండా ఇంటికి తెచ్చేది కాదు. పెళ్ళిళ్ళలో ఎన్ని గిన్నెలు అటూ ఇటూ అయినా చివరికి ఎవరి ఇంటివి వాళ్ళకి చేరేవి. నేను సోల్డరింగ్ ఐరన్‌తో ప్రతి మిషను ప్లాస్టిక్ బాడీ మీద ఇంటిపేరు పొడి అక్షరాలు కాల్చి రాశాను, అడుగున పసుపు ఎనామిల్ పట్టీ వేశాను. నీలం మిషన్ల మధ్య పసుపు పట్టీ ఆమడ దూరం నుంచి తెలుస్తుంది. ఆ రోజు ఈ పట్టీ ఉండుంటే ప్లంబింగ్ వాళ్ళు మెట్ల మీదే వెనక్కి తిరిగేవాళ్ళు. ట్యాగుతో పనే లేకపోయేది, ఉదయగిరి కుర్రాడి సంచి తెరిపించే పనీ ఉండేది కాదు.

చివరికి నా దగ్గర మూడే ట్యాగులు మిగిలాయి, మూడూ గూగుల్ నెట్‌వర్క్‌వే. ఒకటి హామర్ డ్రిల్‌కి, ఒకటి లేజర్ లెవెల్‌కి, ఒకటి బ్యాటరీలూ ఛార్జర్లూ ఉండే సంచికి. మిషను ఒంటికి కడితే అదురుకి బిళ్ళ కదిలిపోయి రెండు నెలల్లో ఒకటి ఆగింది. అందుకే హ్యాండిల్ దగ్గర పలచని రబ్బరు ముక్క వేసి, దానిమీద గుడ్డ టేపు చుట్టాను. లోపలికి విప్పి పెట్టమని కొందరంటారు. వారంటీ పోతుంది, పైగా గేరుపెట్టె చుట్టూ అంతా లోహమే. ఎయిర్‌ట్యాగ్ వాడేవాళ్ళకి ఒక మాట. పిల్లలు మింగకుండా చేదు పూత పూసిన బిళ్ళలు కొన్ని అందులో సరిగా తగలవు, కొనేటప్పుడు పెట్టె మీద చూసుకోండి.

మొన్న ఆదివారం రాత్రి హామర్ డ్రిల్ మళ్ళీ కనపడలేదు. మినీ బైపాసు సైటులో సర్దేటప్పుడు లేదని మామ చెప్పాడు. నేను ఇంటికొచ్చి స్నానం చేసి, ఈసారి ఏ సైటులో వదిలారో రేపు అందరినీ నిలదీయాలని అనుకుంటూ అన్నం ముందు కూర్చున్నాను. ఫోను మోగింది. నిఘా పెట్టావా అని అడిగిన పిల్లవాడే.

"అన్నా, హామరు కోసం వెతకబాకండి. మీ ఇంటికాడ చూపిస్తా ఉంది. మధ్యాహ్నం చిమ్నీ కన్నం కొట్టాలని మీరే కదా తీసకపోయింది. కారు డిక్కీలో చూడండి."

కంచం దగ్గర నుంచి లేచి వెళ్ళి చూశాను. స్టెప్నీ పక్కన, మా ఆవిడ కూరగాయల సంచి కింద ఉంది.